శాలువా ఒక్కరికేనా? జోడీని విడగొట్టే సన్మానం మాకొద్దు



పోస్టు పొడుగ్గా ఉంది. ఓపిక ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి. లేనివాళ్లు మొదటి నాలుగు పేరాలు చదివి, వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశానికి మాత్రం తప్పకుండా రండి. ఇది ఒక్కరు రాసింది కాదు. సంఘంలో ఏ పదవీ లేకపోయినా ఏటా వర్గణీ తప్పకుండా కట్టే కొందరం కలిసి కూర్చొని రాసుకున్నాం. అందుకే ఇందులో 'నేను' లేదు, 'మేము' ఉంది.

విషయం ఇది. ఈసారి వార్షికోత్సవంలో కళాకారుడి సన్మానం మన బ్యాండు మాస్టర్‌కి చేయాలని కార్యవర్గం తీర్మానించింది. శాలువా, శ్రీఫళం, జ్ఞాపిక, ఒక కవరు. వినగానే మేమూ సంతోషించాం. ఆయన సాక్సోఫోన్ వినకుండా షోలాపూర్ తూర్పు భాగంలో పెరిగి పెద్దయినవాళ్లు ఎవరున్నారు? సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్, దత్త నగర్, విడి ఘర్‌కుల్... ఏ గల్లీలో పెళ్లి వరాత్ లేచినా ముందు ఆ సాక్సోఫోన్ వినపడేది, తర్వాతే పెళ్లికొడుకు కనపడేవాడు. పొద్దున షిఫ్టులో సాంచె నడిపి, సాయంత్రం యూనిఫాం తొడుక్కొని వాయించిన మనిషి. ఆయనకు సన్మానం అంటే కాదనేవాళ్లు లేరు.

కానీ ఆ తీర్మానంలో ఒక్క పేరే ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ఆయన పక్కన నిలబడి వాయించిన మనిషి పేరు లేదు. మనందరం 'కాసియో మాస్టర్' అని పిలిచే ఆయన. మొదట హార్మోనియం, తర్వాత కాసియో, ఇప్పుడు పెద్ద కీబోర్డు. పాట ఎత్తేది ఆయన, శ్రుతి చూసుకునేది ఆయన, కొత్త సినిమా పాట వస్తే రాత్రంతా విని స్వరాలు కాగితం మీద రాసి తెల్లారేసరికి మాస్టర్ చేతికిచ్చేది ఆయన. ఆ మనిషికి ఆహ్వాన పత్రిక మాత్రం పంపిస్తారట. వచ్చి కింద కుర్చీలో కూర్చొని చప్పట్లు కొట్టాలట.

మాస్టర్‌కి ఈ సంగతి తెలిసింది. కార్యవర్గం తరఫున ఇంటికి వెళ్లినవాళ్లతో ఆయన గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. చాయ్ తాగించి ఒకటే మాట చెప్పాడు. "ఇద్దరికీ అయితే ఇద్దరం వస్తాం అన్నా. నాకొక్కడికే అయితే ఆ రోజు నాకు డ్యూటీ ఉందనుకోండి." ఇప్పుడు కొందరు పెద్దలు దీన్ని అహంకారం అంటున్నారు, సంఘానికి జరిగిన అవమానం అంటున్నారు. మేము అంటున్నది వేరే. అవమానం జరిగింది నిజమే. చేసింది ఆయన కాదు, మనం.

కార్యవర్గంలో చెప్పిన కారణాలు మూడు. ఒక్కొక్కటే చూద్దాం. మేము ఎవరి పేరూ ఎత్తం. మాకు మనుషులతో తగాదా లేదు, ఈ వాదనలతో ఉంది.

మొదటి కారణం: "మెయిన్ వాయించేది సాక్సోఫోన్. కీబోర్డు సైడు. సైడువాళ్లకు కూడా ఇస్తూ పోతే డప్పు కొట్టినవాడికీ, లైటు మోసినవాడికీ ఇవ్వాలి."

ముందు ఈ 'సైడు' అనే మాట సంగతి తేల్చుకుందాం. సాక్సోఫోన్ ఊపిరితో పలికే వాద్యం. ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది. స్వరాన్ని వంచగలదు, పెంచగలదు, గొంతులాగా ఏడిపించగలదు. కానీ వాయించేవాడు ఊపిరి పీల్చుకోవాలంటే పాట ఆగాలి. పియానో అయినా కీబోర్డు అయినా పది వేళ్లతో ఒకేసారి ఎన్నో స్వరాలు పలికిస్తుంది. ఎడమ చెయ్యి లయ పట్టుకుంటుంది, కుడి చెయ్యి పాటకు నీడ పడుతుంది. కానీ మీట నొక్కాక పియానో స్వరం క్షణక్షణానికీ సన్నగిల్లుతుంది, దాన్ని మళ్లీ పెంచలేరు. ఒకదానికి లేనిది ఇంకొకదాని దగ్గర ఉంది. అందుకే ఈ రెండు వాద్యాలను పక్కపక్కన పెట్టి, ఇంకెవరూ లేకుండా, డ్రమ్ము కూడా లేకుండా వాయించే పద్ధతి జాజ్ సంగీతంలో ఉంది. ఇద్దరే ఉంటారు. ఒకరు తప్పితే ఇంకొకరు ఆదుకోవాలి, లేకపోతే ఇద్దరూ పడతారు. అక్కడ మెయిన్ ఎవరు, సైడు ఎవరు అని అడిగితే వాళ్లకు ప్రశ్నే అర్థం కాదు.

అమెరికాలో డేవ్ లీబ్‌మన్ సాక్సోఫోన్, రిచీ బైరాక్ పియానో. 1960ల చివర్లో కలిసి వాయించడం మొదలుపెట్టారు. 1970ల మధ్యలో ఇద్దరే వాయించిన రికార్డు 'ఫర్గాటెన్ ఫాంటసీస్' వచ్చింది. మధ్యలో బ్యాండ్లు కట్టారు, వదిలేశారు, వేరే వేరే దేశాల్లో ఉన్నారు, మళ్లీ కలిశారు. అట్లా యాభై ఏళ్లకు పైగా నడిచింది. ఆ రికార్డుల మీద రెండు పేర్లూ ఉంటాయి. ఒకరి పేరు పెద్ద అక్షరాల్లో వేసి, ఇంకొకరిది అట్ట వెనక చిన్నగా వేయలేదు.

ఇది ఎక్కడో అమెరికా ముచ్చట, మనకెందుకు అనుకుంటారేమో. మన దగ్గరి ముచ్చటే చెప్తాం. మన బ్యాండు మాస్టర్ గురువుగా భావించే కద్రి గోపాల్‌నాథ్ సంగతి. ఆయనది మంగళూరు వైపు. చిన్నప్పుడు మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని మనసు పారేసుకున్నాడు. గమకం పలకడానికి తగ్గట్టు ఆ విదేశీ వాద్యంలో మార్పులు చేసుకొని కర్ణాటక సంగీతం వాయించాడు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్ కచేరీలో వాయించాడు. అదే ఏడు వచ్చిన 'డ్యూయెట్' సినిమాలో మనమందరం విన్న సాక్సోఫోన్ ఆయనదే. 2004లో పద్మశ్రీ. 2019 అక్టోబరులో కాలం చేశాడు.

ఆ కద్రి గోపాల్‌నాథ్ పక్కన ఏళ్ల తరబడి వయొలిన్ వాయించింది ఎవరో తెలుసా? మన తెలుగింటి ఆడబిడ్డ. విజయనగరంలో పుట్టిన అవసరాల కన్యాకుమారి గారు. కచేరీలో సాక్సోఫోన్ ఒక సంగతి వేస్తే వయొలిన్ దాన్ని అందుకొని జవాబు చెప్పేది. కద్రి ఊపిరి తీసుకునే సందులో రాగం తెగకుండా పట్టుకున్నది ఆ కమానే. కచేరీ భాషలో వయొలిన్‌ను 'పక్కవాద్యం' అంటారు. అయితే ఏమైంది? ఆమెకు 2015లో పద్మశ్రీ వచ్చింది. 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. వయొలిన్ వాయించే ఆడవాళ్లలో ఆ బిరుదు అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. అంత సంప్రదాయం పట్టింపు ఉన్న సభ కూడా పక్కన కూర్చున్నవాళ్లను పిలిచి నడిమధ్యన కూర్చోబెట్టింది. మన సంఘం అంతకంటే పెద్దదా?

టవళ్ల కార్ఖానాల్లో పనిచేసినవాళ్లకు ఇంకో మాట చెప్తాం. టెర్రీ టవల్‌కు రెండు భీములు కావాలి. ఒక భీము పడుగు బిగువుగా ఉంటుంది, ఇంకో భీము పడుగు వదులుగా వస్తుంది. వదులు పడుగే పైకి లేచి కుచ్చు అవుతుంది. ముట్టుకుంటే మెత్తగా తగిలేది అదే, నీళ్లు పీల్చేది అదే. కొనేవాడు చూసేదీ దాన్నే. బిగువు పడుగు అడుగున ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఆ భీము తీసేసి టవల్ నేయండి చూద్దాం. ఇది మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మన చేతులకే తెలుసు. చేతులకు తెలిసింది తీర్మానం రాసేటప్పుడు ఎట్లా మరిచిపోయాం?

ఇక డప్పు కొట్టినవాడు, లైటు మోసినవాడు అని ఎగతాళిగా అన్నారు. వాళ్లకు కూడా ఏదో ఒక రోజు ఇవ్వాలి అనే మేమూ అంటాం. కానీ ఈ రోజు అడుగుతున్నది అది కాదు. బ్యాండులో మనుషులు వస్తుంటారు, పోతుంటారు. ముప్పై ఏళ్లు ఒకరినొకరు వదలకుండా ఉన్నది ఈ ఇద్దరే. మనం సన్మానిస్తామంటున్న సంగీతం ఆ ఇద్దరి మధ్యన పుట్టింది. సగాన్ని పిలిచి సగాన్ని బయట నిలబెడితే మిగిలేది సగం సన్మానం కూడా కాదు.

రెండో కారణం: "బడ్జెట్ ఒక్కరికే ఉంది. ఇద్దరికి ఇస్తే లెక్క తప్పుతుంది."

దీనికి జవాబు కేంద్ర ప్రభుత్వమే ఎప్పుడో చెప్పింది. 2020 పద్మ పురస్కారాల జాబితా తీసి చూడండి. పద్మశ్రీల్లో కలీషాబీ మహబూబ్, షేక్ మహబూబ్ సుభాని అని రెండు పేర్లు ఒకే వరుసలో ఉంటాయి, పక్కన 'ద్వయం' అని ఉంటుంది. ఇద్దరూ భార్యాభర్తలు, నాదస్వర విద్వాంసులు. ఆంధ్ర నాదస్వర సంప్రదాయంలో పుట్టి, షేక్ చిన మౌలానా గారి దగ్గర నేర్చుకొని, శ్రీరంగంలో స్థిరపడ్డారు. అదే జాబితాలో బాంబే సిస్టర్స్‌గా పేరున్న లలిత, సరోజ కూడా అట్లాగే ఒక వరుసలో ఉన్నారు. ద్వయానికి ఇచ్చినప్పుడు ఆ పురస్కారాన్ని ఒకటిగానే లెక్కిస్తామని ప్రభుత్వం ఆ ప్రకటనలోనే రాసింది. పురస్కారం ఒకటి, మనుషులు ఇద్దరు. రాష్ట్రపతి భవన్‌లో కుదిరిన లెక్క మన సంఘం రిజిస్టర్‌లో కుదరదా?

అయినా డబ్బే అడ్డమైతే మా దగ్గర ఉపాయం ఉంది. కవరు ఒకటే ఉండనివ్వండి. దాని మీద రెండు పేర్లు రాయండి. వాళ్లు ముప్పై ఏళ్లుగా పంచుకుంటున్నట్టే పంచుకుంటారు. సన్మాన పత్రం ఒకటే, అందులో రెండు పేర్లు. అదనంగా కావలసింది ఒక శాలువా, ఒక కొబ్బరికాయ. షోలాపూర్ నేతగాళ్ల సంఘానికి ఒక శాలువా కరువైందంటే నవ్విపోతారు. ఆ శాలువా, కొబ్బరికాయ ఖర్చు మేము పెట్టుకుంటాం. రసీదు కూడా వద్దు. పోయిన ఊరేగింపులో డీజే గోడలకు ఎంత పెట్టామో ఖజానా చూసేవాళ్లకు తెలుసు. అప్పుడు ఎవరూ బడ్జెట్ అనలేదు. ఆ డీజేలు వచ్చాకే ఈ ఇద్దరికీ పని తగ్గింది. ముందు పని తీసేశాం, ఇప్పుడు పేరు కూడా తీసేస్తున్నాం.

మూడో కారణం గట్టిగా ఎవరూ చెప్పలేదు. చాయ్ దుకాణం దగ్గర మెల్లగా చెప్పారు. మేము గట్టిగానే చెప్తాం. "ఆయన మనోడు కాదు కదా."

అసలు ముడి ఇక్కడ ఉంది. సైడు అన్నా, బడ్జెట్ అన్నా, ఇదంతా పైపొర. కాసియో మాస్టర్ పద్మశాలి కాదు. మన గల్లీలోనే పుట్టాడు, మన బడి పక్కనే ఆడుకున్నాడు, మనకంటే శుభ్రంగా తెలుగు మాట్లాడతాడు. మార్కండేయ రథోత్సవంలో ఏ చౌక్‌లో ఏ పాట ఎత్తాలో మన పంచులకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా సభ్యత్వ రిజిస్టర్‌లో ఆయన పేరు లేదు. "సంఘం మన కులానిది, సన్మానం మనోళ్లకే" అని వాదన.

మేము దీన్ని కొట్టిపారేయం. కుల సంఘం అంటే కొన్ని హద్దులు ఉంటాయి, ఒప్పుకుంటాం. పిల్లల ఫీజులకు ఇచ్చే సాయం, పేదింటి పెళ్లికి ఇచ్చే సాయం, కల్యాణ మండపం రాయితీ సభ్యులకే ఉండటంలో అన్యాయం లేదు. తెలంగాణ పల్లెల నుంచి బతకడానికి వచ్చిన మన తాతలు చెమటోడ్చి, ఒకరికొకరు తోడుగా ఉండాలని కూడబెట్టిన పైసలు అవి. దాని మీద మాకు పేచీ లేదు. కానీ కళకు చేసే సన్మానం సాయం కాదు, అది ఒప్పుకోలు. మాకు మీరు ఆనందం ఇచ్చారు, మేము ఒప్పుకుంటున్నాం అని నలుగురిలో చెప్పడం. బాకీ ఒప్పుకునేటప్పుడు అప్పిచ్చినవాడి కులం అడుగుతామా? ఆయన మన పెళ్లిళ్లలో వాయించినప్పుడు అడగలేదు. మన ముసలివాళ్ల చివరి యాత్రలో భజన పాట ఎత్తినప్పుడు అడగలేదు. శాలువా కప్పే రోజునే గుర్తొచ్చిందా?

ఇది షోలాపూర్. ఈ ఊరికి చార్ హుతాత్మలు అంటే ఎవరో చెప్పాలా? 1931 జనవరి 12న తెల్లవాడు ఉరి తీసిన నలుగురు: మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్డా. నాలుగు పేర్లు, నాలుగు సమాజాలు. ఆ నాలుగు విగ్రహాలు ఒకే చోట నిలబడ్డాయి. ఏ సమాజంవాళ్లు ఆ సమాజం మనిషికే దండ వేసి మిగతా ముగ్గురిని వదిలేసి వస్తే మనం ఊరుకుంటామా? ఆ విగ్రహాల ముందు నుంచి రోజూ పనికి పోయే మనకు, ఇద్దరు మనుషులను ఒక వేదిక మీద నిలబెట్టడానికి బైలా అడ్డం వచ్చింది.

ఇంకో సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. అమెరికాలో రుద్రేశ్ మహంతప్ప అని సాక్సోఫోన్ వాద్యకారుడు ఉన్నాడు. తల్లిదండ్రులది కన్నడ నేల. ఆయనకు జోడీ పియానో వాయించే విజయ్ అయ్యర్, తమిళ కుటుంబంలో పుట్టినవాడు. 1990ల మధ్యలో కలిశారు. ఏళ్ల తరబడి ఒకరి బ్యాండులో ఇంకొకరు వాయించారు. 2006లో ఇద్దరే కలిసి 'రా మెటీరియల్స్' అనే రికార్డు చేశారు. అంతకు ముందు, 2004లో మహంతప్ప 'మదర్ టంగ్' అని ఒక రికార్డు తెచ్చాడు, అందులో పియానో విజయ్ అయ్యర్‌దే. అది పుట్టిన కథ మనకు బాగా తగులుతుంది. అక్కడివాళ్లు ఆయన్ని "నువ్వు ఇండియన్ భాష మాట్లాడతావా" అని అడిగేవారట. ఇండియన్ అనే భాష లేదు కదా. ఆ ప్రశ్నకు రకరకాల భాషలవాళ్లు తమ తమ భాషలో చెప్పిన జవాబులు రికార్డు చేసి, ఆ మాటల్లోని ఎత్తుపల్లాలను స్వరాలుగా పట్టుకొని బాణీలు కట్టాడు. కన్నడ, గుజరాతీ, కొంకణి, తమిళం, మలయాళం... వాటితో పాటు 'తెలుగు' అనే పేరుతో కూడా ఒకటి ఉంది.

ఒక కన్నడ ఇంటి బిడ్డ సాక్సోఫోన్, ఒక తమిళ ఇంటి బిడ్డ పియానో కలిసి సముద్రాల అవతల తెలుగు మాట తీరును వాయించారు. వాళ్లు ఏ సంఘం సభ్యత్వమూ చూపించలేదు. మనల్ని ఇక్కడ "మీరు తెలుగోళ్లా" అంటారు, కరీంనగర్ చుట్టాల ఇంటికి పోతే "మీరు మరాఠోళ్లా" అంటారు. రెండు చోట్లా సగం మనుషులుగా నిలబడటం ఎట్లా ఉంటుందో మనకంటే తెలిసినవాళ్లు లేరు. అట్లాంటి మనం, మన గల్లీలో తెలుగు పాట వాయించిన మనిషిని నువ్వు సగమే మనోడివి అనడం సిగ్గు కాదా?

పేరు పోయిన జోడీల కథ కూడా ఒకటి చెప్పి ముగిస్తాం. డ్యూక్ ఎలింగ్టన్ అని జాజ్‌లో మహామహుడు. ఆయన బ్యాండుకు గుర్తుగా నిలిచిన పాట 'టేక్ ద ఎ ట్రెయిన్'. అది ఎలింగ్టన్ కట్టిందే అని లోకంలో చాలామంది అనుకుంటారు. కట్టింది ఆయన పక్కన దాదాపు ముప్పై ఏళ్లు నీడలో ఉండి పనిచేసిన బిల్లీ స్ట్రేహార్న్. 1963లో ఆ బ్యాండు మన దేశానికి వచ్చినప్పుడు ఇద్దరూ వచ్చారు. ఆ ప్రయాణం తర్వాత ఇద్దరూ కలిసి 'ఫార్ ఈస్ట్ సూట్' రాశారు. స్ట్రేహార్న్ 1967లో పోయాడు. ఆయన వాటా ఎంతో లోకం పూర్తిగా తెలుసుకునేసరికి ఆయన వినడానికి లేడు. మన కాసియో మాస్టర్ ఇంకా ఉన్నాడు. మన కళ్ల ముందే ఉన్నాడు. మనం చెప్తే వింటాడు. ఆలస్యం చేస్తే చెప్పుకోవడానికి ఫ్లెక్సీ మీద ఫొటో మిగులుతుంది, అంతే.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. కార్యవర్గాన్ని మాత్రమే అని తప్పించుకుంటే అది అబద్ధం అవుతుంది. ముప్పై ఏళ్లలో మా ఇళ్ల పెళ్లిళ్లలో నోట్లు తిప్పి ఇచ్చింది సాక్సోఫోన్ మాస్టర్ చేతికే. ఫొటోలు దిగింది ఆయనతోనే. కాసియో మాస్టర్ అసలు పేరు ఏమిటని మాలో మేమే అడుగుకుంటే, ముగ్గురికి తెలియలేదు. ఆ నోట్లలో సగం లెక్కపెట్టి ఆ రాత్రే పక్కన ఉన్నాయన జేబులో పెట్టినవాడు మాస్టర్. మనం చేయాల్సిన న్యాయం ఇన్నాళ్లూ ఆయన ఒక్కడే చేశాడు.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. మన ఇళ్లల్లోనే ఉంది. నేతగాడు అని మగవాడి పేరు చెప్పాం. కండెలు చుట్టింది ఎవరు? పొద్దంతా బీడీలు చేసి, సాయంత్రం కండెలు చుట్టి, ఇల్లు నడిపిన అవ్వ పేరు ఏ సన్మాన పత్రంలో ఉంది? చద్దరుకు పేరు వచ్చింది, షోలాపూర్‌కు పేరు వచ్చింది, మగ్గం మీద కూర్చున్నవాడికి కొంచెం వచ్చింది. కండె చుట్టిన చేతికి ఏమీ రాలేదు. మన కుల పురాణంలో భావనా ఋషి పక్కన భద్రావతి అమ్మ ఉంటుంది. మన భద్రావతి పేట పేరు పలికిన ప్రతిసారీ ఆ పేరే పలుకుతున్నాం. దేవుడి దగ్గర జోడీని విడగొట్టం. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఒక్కరినే పిలుస్తాం.

కొందరు పెద్దలు "ఈసారికి ఒక్కరికి ఇచ్చేద్దాం, వచ్చే ఏడు ఆయనకు చూద్దాం" అంటున్నారు. వినడానికి బాగుంది. కానీ వచ్చే ఏడు అనే మాట మన సంఘంలో ఎన్నిసార్లు విన్నాం? ఇంకా, విడివిడిగా ఇస్తే అది ఇద్దరు మనుషులకు ఇచ్చినట్టు అవుతుంది కానీ ఆ జోడీకి ఇచ్చినట్టు కాదు. మనం గౌరవించాల్సింది అలవాటుగా కలిసి ఉండటాన్ని కూడా. ముప్పై ఏళ్లలో వాళ్లకు తగాదాలు రాలేదా? వచ్చాయి, మాకు తెలుసు. పైసల దగ్గర వచ్చాయి, పాటల దగ్గర వచ్చాయి. తెల్లారి మళ్లీ ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వచ్చారు. మన సంఘాలు ఒక ఎన్నికకే రెండుగా చీలుతాయి, ఒక ఫ్లెక్సీలో ఫొటో చిన్నదైతే మూడుగా చీలుతాయి. మనం వాళ్లకు శాలువా కప్పడం కాదు, వాళ్ల దగ్గర కూర్చొని నేర్చుకోవాలి.

కాబట్టి మేము అడుగుతున్నది సూటిగా ఇది.

ఒకటి, కళాకారుడి సన్మానం తీర్మానాన్ని సవరించి ఇద్దరి పేర్లూ చేర్చాలి. ఒకే పత్రం, ఒకే కవరు, రెండు శాలువాలు, వేదిక మీద పక్కపక్కన రెండు కుర్చీలు.

రెండు, కళలకు, సేవకు చేసే సన్మానాలకు సభ్యత్వం అవసరం లేదని సర్వసభ్య సమావేశంలో రాసుకోవాలి. సాయాలు, రాయితీల నియమాలు ఉన్నట్టే ఉండనివ్వండి.

మూడు, ఆ రోజు సన్మానం అయ్యాక డీజే వద్దు. ఆ ఇద్దరినే ఒక అరగంట వాయించనివ్వండి. డ్రమ్ము లేకుండా, బ్యాండు లేకుండా, ఇద్దరే. మనం కుర్చీల్లో నోరు మూసుకొని కూర్చొని విందాం. ముప్పై ఏళ్లు వరాత్ గోలలో విన్నాం. ఒక్కసారైనా సరిగ్గా విందాం.

ఇది ఎవరి మీదా పగతో రాయలేదు. కార్యవర్గంలో ఉన్నవాళ్లు మా అన్నలు, బావలు, మేనమామలే. పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. అందుకే వెనక మాట్లాడకుండా ముందే రాస్తున్నాం. ఆదివారం రండి. చేతులెత్తి ఓటు వేయండి. అప్పుడు కూడా ఒక్క పేరే ఉండాలని మెజారిటీ అంటే, మేము తీర్మానాన్ని గౌరవిస్తాం. కానీ వేడుకకు మాత్రం రాం. ఆ సాయంత్రం మాస్టర్ ఇంటి అరుగు మీద ఉంటాం. అక్కడ రెండు వాద్యాలు ఉంటాయి, రెండు కుర్చీలు కూడా.

జై మార్కండేయ.